డిక్కీ మూత కింద గీత

ఇరవై ఆరేళ్ల వయసులో మగవాడికి తన చేతిపని మీద ఉండే గర్వం ఇంకదేని మీదా ఉండదేమో. ఆ రోజుల్లో నా సంగతైతే అంతే. కరీంనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో రంగు పని నేర్చుకున్నవాణ్ని. రంగు ఎక్కడైనా కారి గీత పడిందా, మా ఉస్తాద్ రంగు కలిపే కర్రతోనే మణికట్టు మీద ఒకటి వేసేవాడు. ఆరేళ్లు ఆ దెబ్బలు తిన్నాక నా చేతి కింద రంగు కారడం మానేసింది. ఆ చేతిని నమ్ముకునే సౌదీలోని హఫర్ అల్ బాతిన్ వెళ్లాను. వెళ్లిన కొన్నాళ్లకు కువైట్ యుద్ధం వచ్చింది, ఆ గొడవలో నాకు రావలసిన చుట్టీ, ఇంటికి పోయే సెలవు, కాస్తా పోయింది. నేను విమానం ఎక్కేనాటికి కడుపులో ఉన్న కూతురు నా మొహం చూడకుండానే మూడో ఏట పడింది. దాని పుట్టువెంట్రుకలు నేను వచ్చాకే వేములవాడలో తీయాలని నా భార్య పట్టుబట్టింది. మూడో ఏడు దాటితే మళ్లీ ఐదో ఏటే (సరిసంఖ్య ఏడు మావాళ్లకు పనికిరాదు). "జుట్టు కండ్లల్ల వడి పోరి గోడలకు గుద్దుకుంటుంది, జెల్ది రా" అని ఉత్తరాల మీద ఉత్తరాలు.

మా కఫీల్, అంటే నా వీసాకు యజమాని, మంచివాడే. ఆయనకు ఉన్న పిచ్చి ఒక్కటే, వాళ్ల నాన్న కాలంలో కొన్న అమెరికా మజిల్ కారు. రెండే తలుపులు, మంచమంత బానెట్, స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు అదిరేవి. యుద్ధానికి వచ్చిన అమెరికావాడెవడో దాన్ని చూసి, ఫ్యాక్టరీలో ఎలా తయారైందో అలాగే ఉంటేనే ఇలాంటి బండికి విలువ అని ఈయన చెవిలో వేసి పోయాడట. అప్పట్నుంచి ఆయనకు అస్లీ అనే మాట తప్ప వేరే మాట లేదు. వాళ్ల నాన్న ముచ్చటపడి కట్టించిన కుచ్చుల పరదాలు పీకించాడు. మెరిసే కొత్త స్క్రూలు తీయించి తుప్పు పాతవి వెతికించాడు. డిక్కీ మూత లోపల, ఆ ఫ్యాక్టరీలో ఎవడో హడావుడిగా కొట్టిన రంగు వేలెడు పొడవున కారి ఆరిపోయిన గీత ఒకటుంది. వచ్చినవాళ్లందరికీ మూత ఎత్తి, మనవడి పుట్టుమచ్చ చూపించినట్టు దాన్ని చూపించేవాడు. నాకు మాత్రం వేలెత్తి చెప్పాడు: "హాదా అస్లీ. మాఫీ టచ్." ఇది అసలుది, ముట్టుకోకు అని. బండి పని అయిపోయిన రోజే చుట్టీ కాగితం చేతిలో పెడతానని కూడా చెప్పాడు.

ముట్టుకోకూడదనే అనుకున్నాను. కానీ డిక్కీ ఎత్తినప్పుడల్లా ఆ గీత కంట్లో నలుసులా గుచ్చేది. అది చూస్తే మణికట్టు సలిపేది (నవ్వకండి, నిజంగానే సలిపేది). ఒక మధ్యాహ్నం కఫీల్ నమాజుకు వెళ్లాడు. నా చేతిలో రంగును రుద్ది నున్నగా చేసే తడి వాటర్ పేపర్ ఉంది, పక్కనే పాలిష్ గుడ్డ ఉంది. ఏం జరిగిందో చెప్పలేను గానీ, నాలుగు నిమిషాల తర్వాత అక్కడ గీత లేదు, అద్దంలా నా మొహం కనబడుతోంది. ఒక్క క్షణం ఎంత బాగా చేశానో అని మురిసిపోయాను. ఆ తర్వాత అక్కడే టైరు మీద కూలబడ్డాను.

ఉన్నది ఒక్కటే దారి, ఆ గీతను మళ్లీ కార్చాలి. ఇంత చేసినవాడికి అదేం లెక్క అనుకుంటారు. ముందు పాత తలుపు ఒకటి నిలబెట్టి రంగు కొట్టే గన్ను పట్టుకుంటే, సరిగ్గా రంగు కారబోయే ముందు నా చెయ్యి దానంతటదే పక్కకు జరిగిపోయేది. బలవంతాన ఆపితే, ఆ ఎండకు రంగు కారేలోపే ఎండిపోయేది. థిన్నర్ ఎక్కువ పోస్తే మొత్తం పరదాలా జారి కింద పడేది. ఒకసారి బ్రహ్మాండంగా కుదిరింది, గాలి లేచి దాని నిండా ఇసుక అంటింది. నా గదిలో ఉండే మెట్‌పల్లి అన్న, కరెంటు పని చేసేవాడు, వారం రోజులు చూసి చూసి అన్నాడు: "నీకు తప్పు జేసుడు గూడ అస్తలేదురా తమ్మీ."

అన్నిటికంటే ఘోరం ఇది. కఫీల్ చుట్టీ కాగితం జేబులో పెట్టుకుని వచ్చి, ఖలాస్ అయిందా అని అడిగేవాడు. నేను డిక్కీకి అడ్డంగా నిలబడి "బుక్రా" అనేవాణ్ని. గల్ఫ్‌లో మనందరికీ యజమానులు చెప్పే మాట అది, రేపు అని. యజమానికే బుక్రా చెప్పిన పనివాణ్ని బహుశా నేనొక్కణ్నే. అలా నా నోటితోనే నా బిడ్డ మూడో ఏడు దాటించేశాను. ఆ సంగతి రాసిన నా భార్య ఉత్తరం చదివిన రోజు కంట్లో ఎమరీ పొడి పడిందని అందరికీ చెప్పి కళ్లు తుడుచుకున్నాను. ఏడ్చానని ఇప్పుడు చెప్పడానికి సిగ్గు లేదు.

మరో పది రోజులకు, ఇంక తొందర దేనికని చెయ్యి వేలాడేసి డిక్కీ మూతకే కొడితే, గీత దానంతటదే కారింది. కఫీల్ వచ్చాడు, మూత ఎత్తాడు, వేలితో దాన్ని ప్రేమగా నిమిరి "అస్లీ" అన్నాడు. కాగితం చేతిలో పెట్టాడు.

ఆ చుట్టీలో తల నిండా జుట్టున్న బిడ్డను ఎత్తుకున్నాను గానీ కత్తెర పెట్టడానికి లేదు. ఏడాదిన్నర తర్వాత ఐదో ఏట మళ్లీ వెళ్లి తీయించాను. అప్పటికి దానికి రెండు జడలు, రిబ్బన్లు, బడిలో స్నేహితురాళ్లు. గుండు అయ్యాక నా రెండు నెలల చుట్టీ అంతా నాతో మాట్లాడలేదు. తిరుగు ప్రయాణం రోజు మాత్రం దగ్గరికొచ్చి, తల మీద తువ్వాలు సర్దుకుంటూ అంది:

"నేను సిన్నగున్నప్పుడే అస్తే గుండు సంగతి నాకు తెల్వకపోవు గద బాపూ."

రంగు పని మానేసి చాలా ఏళ్లయింది. ఆ మొండి కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వే వస్తుంది. ఆ మధ్యాహ్నం వాడు కాస్త బద్ధకంగా ఉండి, ఒక చాయ్ తాగి పడుకుని ఉంటే సరిపోయేది.