ఆరో పాటలో దరువు

మస్కట్‌లోని హమ్రియాలో ఒక పాత మేడ మూడో అంతస్తులో ఉంటాడు గంగాప్రసాద్. వయసు నలభై ఆరు. షట్టరింగ్ మేస్త్రీ. పద్దెనిమిదేళ్ళుగా ఆ చుట్టుపక్కల కాంక్రీటు పోతకు చెక్కలు బిగించడం, విప్పడం, మళ్ళీ బిగించడం. గదిలో పక్క మంచం వాడికి కూడా తెలియదు గానీ, హైదరాబాద్‌లో కొందరు కాలేజీ పిల్లలకు ఈయన పెద్ద డ్రమ్మరు. ఈయన పేరు చెప్పుకుని వాదించుకుంటారట. ఆ సంగతి చెబితే ఈయన మురిసిపోడు. "నా అంగికే గుండీలు లేవు, నాకెందుకు సారూ పేరు?" అంటాడు.

తొమ్మిదేళ్ళ కిందట ఈయనా మరో ఇద్దరూ కలిసి ఒక పంక్ ఆల్బమ్, అంటే గొంతు చించుకుని అరిచే పాటల సంపుటి, చేశారు. దాని పేరు 'ఎనిమిది మందికి ఒక్క ఫ్యాను'. ఏడు పాటలు, మొత్తం కలిపి ఇరవై నిమిషాలు. అందులో సంగీతం ఉందా అని అడిగితే చెప్పలేను, కోపం మాత్రం కావలసినంత ఉంది. ఈ పిచ్చి అంటించినవాడు ఇస్రార్. కడప కుర్రాడు, హమ్రియాలో సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు, ఎవరో వదిలేసిపోయిన గిటారు ఒకటి వాడి దగ్గరుండేది.

"గిటారు మీద మూడు కార్డులు పట్టడం తెలిస్తే చాలప్పా, మిగిలిందంతా కోపమే. మనకాడ అది తక్కువుందా ఏమన్నా?" అనేవాడు.

పాడింది దేవదాసు. ఇనుప చువ్వలు కట్టే పని. గంగాప్రసాద్‌ది, ఆయనది జగిత్యాల దిక్కు పక్కపక్క ఊళ్ళు. నిజానికి ఆయన పాడేవాడు కాదు, తాళానికి తిట్టేవాడు. మెస్సులో నీళ్ళ పప్పునీ, ఫోర్‌మెన్‌నీ, ఆఫీసు బీరువాలో మూలుగుతున్న తన పాస్‌పోర్టునీ వరసబెట్టి తిట్టేవాడు. గంగాప్రసాద్ నాలుగు ఖాళీ పెయింటు డబ్బాలు బోర్లించి, పక్కన ప్లైవుడ్ ముక్క పెట్టుకుని వాయించేవాడు. ఆయన తండ్రి చుట్టుపక్కల అయిదూళ్ళకు డప్పు కొట్టినవాడు. పెళ్ళికీ ఆయనే, చావుకీ ఆయనే. ఆ చేతులే కొడుక్కి వచ్చాయి.

మబేలాలో కడుతున్న ఒక విల్లా సంపులో రికార్డింగు. నీళ్ళు ఇంకా నింపలేదు, గొంతు నాలుగు గోడలకూ కొట్టుకుని మోగేది. శుక్రవారం శుక్రవారం నిచ్చెన వేసుకుని ముగ్గురూ అందులోకి దిగేవారు.

అయిదు పాటలు అయ్యాక, ఒక గురువారం సాయంత్రం, గంగాప్రసాద్ డ్యూటీ దిగి చేతులు కడుక్కుంటుండగా ఊరి నుంచి ఫోను వచ్చింది. చేసింది లచ్చన్న, దేవదాసు బావమరిది, ఆయన భార్య రమణి తమ్ముడు.

"అన్నా, అక్క పోయింది. పసుపు చేన్ల పాము కరిచింది. బావకు ఎట్ల చెప్పాల్నో సమజైతలేదు."

గల్ఫ్‌లో మనవాళ్ళకు ఒక ఆనవాయితీ ఉంది. చావు కబురు ఆ మనిషికి నేరుగా చెప్పరు. గదిలో ఉండే ఊరివాడికి చెబుతారు. ఆ ఊరివాడు దాన్ని కడుపులో పెట్టుకుని, టికెట్టు చేతికొచ్చాక, "సీరియస్ ఉందంట, పోయి రా" అని విమానం ఎక్కిస్తాడు. వెళ్ళే దారి లేనివాడికి ముందే చెబితే ఏమైపోతాడోనని భయం. మంచి ఉద్దేశమే. మంచి ఉద్దేశంతో మనం చేసుకునే ద్రోహాలు ఇన్నీ అన్నీ కావు.

శుక్ర, శనివారాలు ఆఫీసు మూత. పాస్‌పోర్టు బీరువాలో. ఆదివారం దాకా దేవదాసు కదలలేడు. గంగాప్రసాద్ ఇదంతా లచ్చన్నకు చెప్పాడు.

"పోనీ, రేపు పొద్దుగూకే దాక ఐస్ పెట్టెల ఉంచుతం. వీడియో కాల్ల మొఖమన్న సూసుకుంటడు," అన్నాడు లచ్చన్న.

"వద్దు తమ్మీ. ఈడ ఒక్కడు, గా మొఖం సూసి ఆగమైతడు. మీరు కానియ్యుండ్రి. నేను చెప్పుకుంట."

ఆ రాత్రి ఎలా గడిచిందో ఆయనకే తెలియాలి. తెల్లవారి మబేలా వెళ్ళనంటే దేవదాసుకు అనుమానం వస్తుంది. పాడుతుంటేనన్నా మనసు అటు పోకుండా ఉంటుంది. అలా అనుకుని సంపులోకి దిగాడు.

దేవదాసు నిచ్చెన మెట్టు మీదే నిలబడి ఫోను నొక్కుతున్నాడు. "నిన్నటి సంది లేపుతలేదు. అలిగింది. నేను పంపిన దుప్పటి రంగు బాగలేదన్నది, నేను తిట్టిన. గంత కోపమా దీనికి?" అని నవ్వాడు. నవ్వి, ఇస్రార్ వైపు తిరిగాడు. "ఇయ్యాల దీని మీదనే పాట."

ఇస్రార్ గిటారు అందుకున్నాడు. వాడికీ ఏమీ తెలియదు.

"లేపవే ఫోను లేపవే రమణీ, దుప్పటి ఎర్రగుంటే నాదా తప్పు?" అని మొదలుపెట్టాడు దేవదాసు. గంగాప్రసాద్ తల వంచుకుని డబ్బాలు వాయించాడు. రెండో చరణం దాటేసరికి దేవదాసు ఊపు మీదున్నాడు. మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు: "సచ్చినవా ఏందే, లేపవే!"

ఇళ్ళల్లో రోజూ అనుకునే మాటే అది. భార్యను, పిల్లలను, వేళకు రాని బస్సును కూడా అంటాం. ఆ మాట చెవిన పడగానే గంగాప్రసాద్ చేతులు వాటంతట అవే దరువు మార్చాయి. పాడె ముందు నడుస్తూ తండ్రి కొట్టే దరువు. మళ్ళించుకోవాలని చూశాడు, చేతులు మాట వినలేదు. పాట అయ్యేదాకా అదే కొట్టాడు. కళ్ళ నీళ్ళు పెయింటు డబ్బా మీద పడుతుంటే ఇస్రార్ చూసి, చెమట అనుకున్నాడు.

దేవదాసు మాత్రం చాలా బాగా వచ్చిందన్నాడు. వెంటనే ఏడో పాట కూడా పాడాడు. శనివారం మధ్యాహ్నం "వదినకు సీరియస్ ఉందంట" అని గంగాప్రసాద్ చెప్పాడు. అప్పటికి రమణి బూడిదై ఒక రోజు గడిచింది. సోమవారం ఇల్లు చేరిన దేవదాసు మళ్ళీ ఒమాన్ రాలేదు.

ఇస్రార్ ఆల్బమ్‌ను ఇంటర్నెట్‌లో పెట్టాడు. గల్ఫ్ అంతా ఫోన్ల మీద తిరిగింది. తర్వాత హైదరాబాద్ పిల్లలకు దొరికింది, తెలుగు పంక్‌కు ఇదే మూలమన్నారు. 'సచ్చినవా ఏందే, లేపవే' అని టీషర్టులు అచ్చేయించారు. ఆరో పాట మధ్యలో దరువు మారడం గొప్ప ప్రయోగమని ఎవరో వ్యాసం కూడా రాశారు. ప్రయోగమట!

ఈ ఏడు ఫిబ్రవరిలో నవీన అనే అమ్మాయి ఫోను చేసింది. ఆల్బమ్ వెనక కథ పుస్తకంగా రాస్తోందట. "అన్నా, అందరూ అడిగేది ఒక్కటే. ఆరో పాటలో దరువు ఎందుకు మార్చారు?"

రెండు రోజులు గడువు అడిగాడు గంగాప్రసాద్. అబద్ధం చెప్పడం ఆయనకు కష్టమేం కాదు. ఏదో తోచింది కొట్టానంటే సరిపోయేది. కానీ నిజం అచ్చులోకి వచ్చేముందు దేవదాసు చెవిన తానే వేయాలనిపించింది. తొమ్మిదేళ్ళుగా పండగకోసారి మాట్లాడుకుంటున్నారు గానీ ఈ ఒక్క మాట మాత్రం నోరు దాటలేదు. శుక్రవారం పొద్దున్నే ఫోను చేశాడు.

"దాసన్నా, ఆరో పాట ముచ్చట నీకొకటి చెప్పాలె."



"సావు దరువు," అన్నాడు దేవదాసు. "మా ఊర్ల పీనుగ లేస్తే మీ నాయినే గద కొట్టేది. నాకు ఎరుకలేదనుకున్నవా? దినాలైనంక ఆ పాట ఇన్న. గప్పుడే తెలిసింది, నీకు ముందుగాలనే తెల్సని. నువ్వే చెప్తవని సూసిన. తొమ్మిదేండ్లు సూసిన తమ్మీ."

"తప్పైందన్నా. నువ్వు ఆగమైతవని…"

"ఆగమైతుంటి. ఆగం గానియ్యకపోతివి." గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఐస్ పెట్టెల పెట్టిండ్రంట. మొఖం సూపిస్తమంటే నువ్వే వద్దన్నవని లచ్చన్న చెప్పిండు. అది గట్ల పండుకోనుంటే నేను సచ్చినవా అని ఒర్రుతున్న. గదే అచ్చేసుకోని తిరుగుతున్నరు పోరగాండ్లు."

గంగాప్రసాద్ వెక్కి వెక్కి ఏడ్చాడు. మంచాల మీదివాళ్ళు లేచి కూర్చున్నారు.

"ఆ పిల్లకు అన్నీ చెప్పు, ఏదీ దాయకు," అన్నాడు దేవదాసు. "ఇగ నాకు ఫోన్ చెయ్యకు తమ్మీ. కోపంతోని అంటలేను. నువ్వు మాట్లాడితే నాకు ఆ దరువే ఇనవడుతది."

ఆ మధ్యాహ్నమే గంగాప్రసాద్ నవీనకు ఫోను చేసి, గురువారం సాయంత్రం లచ్చన్నతో తానన్న మాట మొదలుకొని అంతా చెప్పాడు.