బ్యాటరీ దొంగ

నా చిన్నప్పుడు చూలై పేటలో మా ఇంటికి ఒక కారు ఉండేది. దాన్ని మించిన ఆర్భాటం మా పెదనాన్నకు ఉండేది. కారు గురించి ఆయనకు తెలిసింది గోరంత, మాట్లాడేది మాత్రం వీధి చివరిదాకా వినబడాలి. ఇంత వయసొచ్చినా ఆయన్ను తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ వేసవిలో రోజూ తెల్లారేసరికి బ్యాటరీ చచ్చిపడి ఉండేది. ఇరుగుపొరుగు వచ్చి నెడితే తప్ప కారు కదిలేది కాదు. కొత్త బ్యాటరీ వేయించినా అదే తంతు. పెదనాన్న బ్యాటరీని చార్జి చేసే డైనమోను చూడలేదు, తీగలను చూడలేదు. నేరుగా మా డ్రైవరన్న మీద పడ్డాడు.

"నేను పండుకున్నాక కారు తీసుకోని సవారీలు కొడతా ఉండావు. లేకుంటే బ్యాటరీ యాడికి పోతాది? దొంగనాయాలా!" అని నలుగురిలో కడిగేశాడు.

పెరంబూరు నుంచి సైకిలు మీద వచ్చే ఆ పిల్లలు గల మనిషికి దొంగ అన్న పేరు పడితే ఇంకే ఇంట్లోనూ తాళంచెవి ఇవ్వరు. అయ్యా, అయ్యా అని ఎంత బతిమాలినా పెదనాన్న వినలేదు. పనిలోంచి తీసేశాడు.

అప్పుడు మా మేనత్త కల్పించుకుంది. మామయ్య పోయాక ఆయన లారీలను తానే చూసుకున్న మనిషి ఆవిడ. నోరు మహా కరుకు. "సరి అన్నా. ఈ రాత్రికి షెడ్డు తాళంచెవి నీ మొలకే కట్టుకో," అంది. ఆయన నిజంగానే కట్టుకుని పడుకున్నాడు!

తెల్లారి చూస్తే బ్యాటరీ మళ్లీ చచ్చింది.

"రాత్రి ఎవరు తిరిగొచ్చినారన్నా, నువ్వేనా?" అంది అత్త. మేమంతా ఫక్కుమన్నాం.

ఇంజను ఆగగానే బ్యాటరీకీ డైనమోకీ మధ్య దారి తెంచే చిన్న పెట్టెను కటౌట్ అంటారు. అత్త దాని మూత విప్పింది. ఆ దారిని కలిపే లోపలి పాయింట్లు విడిపోకుండా ఎవరో అగ్గిపుల్ల ఇరికించారు. అందుకే రాత్రంతా కరెంటు వెనక్కి, డైనమోలోకి కారిపోతోంది.

"అది నేనే పెట్టినా," అన్నాడు పెదనాన్న, ఎంతో గొప్పగా. "పాయింట్లు ఊరికూరికే విడిపోతా ఉంటే చార్జింగు యాడ ఎక్కుతాది?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది," అంది అత్త. "పో. దొంగ అన్న నోటితోనే, ఆయన వీధిలో అందరూ వినేట్టు పిలుచుకోని రా."

ఆ పెద్దమనిషి వెళ్తాడా? కబురంపాడు. 'ఈసారికి క్షమించినానని చెప్పండి' అని! ఛీ, ఏం బతుకు! డ్రైవరన్న రాలేదు. అత్త ఆయన్ను పిలిచి తన లారీ నడపమని ఇచ్చింది. ఆ డ్రైవరు విశ్వాసం లేనివాడని పెదనాన్న తాను పోయేదాకా అందరికీ చెప్పుకుంటూనే ఉన్నాడు.

ఇప్పటికీ మా ఇంట్లో ఏదైనా పాడై, "ఎవరు చేశారిది?" అని ఎవరైనా గొంతు చించుకుంటే, నేను ముందు ఆ అరిచినవాడి చేతులవైపే చూస్తాను.