మొదటి నీళ్ళు

లాండ్రీ పెద్దమ్మ మెట్ల పక్కన బంగారం పాతిపెట్టిందని వీధి వీధంతా చెప్పుకునేవారు. పోయిన పెనిమిటి ఎక్కడెక్కడో పనిచేసి తెచ్చిన కడ్డీలట. లేకపోతే దుప్పటి మడత పరిచినంత కూడా లేని ఆ మట్టిని అలా కాపలా కాస్తుందా? చుట్టూ సిమెంటు పోస్తుంటే ఆ ఒక్క ముక్కా వదిలేయించుకుంటుందా? చివరికి అక్కడా సిమెంటు పడిన రోజున ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే చూసినవాళ్ళున్నారు. ఆ తర్వాత సోమవారం సోమవారం మూత పెట్టిన చెంబు ఒకటి కొంగుచాటున పెట్టుకుని బజారు వైపు పోతోందంటే ఇక చెప్పేదేముంది! ముందే తవ్వి తీసేసింది, కొంచెం కొంచెంగా అమ్ముకుంటోంది.

ఇందులో మొదటి సగానికి పుట్టిల్లు టైలరు భార్య నోరు. ఆమెను అందరూ రేడియో అనేవారు, ఎదురుగానే. ఆమె కూడా పలికేది. పెద్దమ్మ కొట్టు వీధి మట్టానికి ఉంటే, టైలరు వాటా దాని పక్కనే, నాలుగు మెట్లెక్కితే వచ్చేది. ఆ మెట్లకు ఆనుకునే ఉండేది ఆ మట్టి. రేడియో కిటికీ సరిగ్గా దాని మీదికి తెరుచుకునేది.

పెద్దమ్మ కొట్టంటే పాత కంబళి పరిచిన బల్ల, దాని మీద ఇస్త్రీ పెట్టె, గోడ పొడవునా కొక్కేలు, మూలన కోడలు పట్టుబట్టి కొనిపించిన వాషింగ్ మెషీన్. మెషీన్ వచ్చిన కొత్తలో పెద్దమ్మ దాన్ని అనుమానంగా చూసింది గానీ, వారం తిరక్కుండానే మనసు మార్చుకుంది. "మీ ఆయన కంటే నయమే అమ్మాయ్, చెప్పిన పని చెప్పినట్టు చేస్తోంది" అంది కోడలితో, కొడుకు వింటుండగానే.

ఆవిడతో చిక్కల్లా ఒకటే. చొక్కా ఎక్కడైనా కాస్త మాడితే, మనిషి గుమ్మంలో అడుగు పెట్టకముందే, "నీ చొక్కా కాల్చాను నాయనా" అని చెప్పేసేది.

"మడత లోపలికి పెట్టి ఇస్తే వాళ్ళకి తెలియను కూడా తెలియదు కదా అత్తయ్యా!" అని కోడలు తల పట్టుకునేది.

"నాకు తెలుసుగా."

"మీకు తెలిస్తే ఏమవుతుంది?"

"ఆదివారం గుళ్ళో కూర్చోలేను."

కోడలికి ఆ బాధ లేదు. ఆమెకు ఆదివారమంటే ముందు నిద్ర, తర్వాతే దేవుడు. పెద్దమ్మ ఎప్పుడూ లేపలేదు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి, తానొక్కతే పూజకు వెళ్ళి వచ్చేది. వచ్చేటప్పుడు ఉతకడానికి బలిపీఠం గుడ్డల మూట తెచ్చుకునేది.

ఆ మూటలో, ఫాదర్ ద్రాక్షరసం పోసే పాత్రను తుడిచిన చిన్న గుడ్డలుండేవి. వాటిని మెషీన్ దరిదాపులకు కూడా రానిచ్చేది కాదు. పూజలో ద్రాక్షరసం క్రీస్తు రక్తమవుతుందని ఆవిడ నమ్మకం. మాటవరసకు నమ్మడం కాదు, ఇస్త్రీ పెట్టె వేడిగా ఉంటుందని నమ్మినట్టు నమ్మడం. గుడ్డ పోగుల్లో చుక్క మిగిలి ఉంటే అది మురిక్కాలువలో కలవకూడదు. అందుకని సోమవారం పొద్దున్నే గిన్నెలో మంచినీళ్ళు పోసి, గుడ్డలు జాడించి, ఆ మొదటి నీళ్ళను చెంబులోకి వంచి, తీసుకెళ్ళి మట్టిలో పోసి, సిలువ గుర్తు వేసుకునేది. ఆ తర్వాతే సబ్బు, నీలిమందు, గంజి.

ఈ పని వాళ్ళమ్మ చేసే కాలంలో గుమ్మం దిగితే మట్టే. వాకిలికి సిమెంటు, ఆ తర్వాత వీధికి సిమెంటు వచ్చాయి. గుళ్ళో ఇందుకోసమే ఒక తొట్టి ఉండేది, దాని గొట్టం నేరుగా నేలలోకి దిగేది. కొత్త గుడి కట్టినప్పుడు పాత గోడతో పాటు అదీ పోయింది. ఆవరణంతా రాళ్ళు పరిచారు. కొత్తగా వచ్చిన ఫాదర్ మొహమాటపడుతూ, "తొట్టి మళ్ళీ పెట్టిద్దాం పెద్దమ్మా, అప్పటిదాకా మీరే ఎలాగో చూసుకోండి" అన్నారు. అప్పటిదాకా అంటే ఎప్పటిదాకానో ఆయనా చెప్పలేదు, ఈవిడా అడగలేదు. ఇంటి ఓనరు మాత్రం, "మెట్ల పక్క ముక్క మీకు వదిలేస్తాను. మీరు సరేననేదాకా అక్కడ పార పడదు" అని మాటిచ్చాడు. మాట మీద నిలబడ్డాడు కూడా.

అలా ఉండగా రేడియో ఆ మెట్ల మీదే జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీతో వచ్చింది. నోటికి మాత్రం ఏ లోటూ రాలేదు. కానీ నాలుగు మెట్లు దిగాలంటే నలుగురు మనుషులు కావాలి. దాంతో కిటికీయే లోకమైపోయింది. టైలరు ఓనరు దగ్గరికెళ్ళి ర్యాంపు వేయించమని బతిమాలాడు.

"నాకేం అభ్యంతరం? ఇటు మీటర్ల పెట్టె, అటు పెద్దమ్మ మట్టి. వెళ్ళి ఆవిడనే అడుగు."

"ఏ మొహం పెట్టుకుని అడగనండీ! బంగారం కథ మా ఇంట్లోదే కదా."

ఈ సంగతి కోడలు మోసుకొచ్చింది. "అడిగినా ఇవ్వకండి అత్తయ్యా. ఆ నోటికి అలాగే కావాలి" అని సలహా కూడా కలిపింది. ఎవరూ అడగలేదు కాబట్టి కాదన్న పాపం తనకు లేదని పెద్దమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి మాత్రం సాఫీగా ఆడలేదు. ఆ మట్టి ఇచ్చేస్తే మొదటి నీళ్ళు ఎక్కడ పోయాలి? ఇవ్వకపోతే ఆ కిటికీ వైపు ఎలా చూడాలి?

సోమవారం చెంబుతో వంగి ఉండగా పైనుంచి గొంతు వినబడింది.

"ఏం వదినా, కడ్డీలు మొలకెత్తాయా?"

పెద్దమ్మ ఎప్పుడూ జవాబు చెప్పేది కాదు. ఆ రోజు తలెత్తి, గుడ్డ సంగతి, చుక్క సంగతి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. రేడియో కిటికీలోంచి ముందుకు వంగి తడిసిన మట్టి వైపు చూసింది.

"అంటే ఉందో లేదో తెలియని చుక్కకా ఇంత మర్యాద?"

"ఉంటుందేమోనని."

"అదృష్టమంటే దానిదే. నన్ను చూడు వదినా, ఇంత మనిషిని కళ్ళెదుట ఉన్నానా, డాక్టరు దగ్గరికి పోవాలంటే బస్తాలా దొర్లించుకుపోతారు. మొన్న దించుతూ దించుతూ నా చెప్పు కాలవలో పడేశారు!"

చెప్పి పకపకా నవ్వింది. పెద్దమ్మకు నవ్వు రాలేదు. లోపలికొచ్చి గుడ్డలు సబ్బులో వేసింది. ఒకటే గుడ్డ చాలాసేపు రుద్దుతూ కూర్చుంది. కోడలు, "చిరిగిపోతుంది అత్తయ్యా" అంటే లేచి, చేతులు తుడుచుకుని, తిన్నగా ఓనరు ఇంటికి వెళ్ళింది.

"ఆ మెట్ల పక్కన ర్యాంపు వేయించండి బాబూ."

"మరి మీ నీళ్ళు పెద్దమ్మా?"

"నీళ్ళని నేను మోసుకెళ్ళగలను. ఆవిణ్ని మోయలేను కదా."

మేస్త్రి వచ్చి మట్టి మీద కంకర పోస్తుంటే పెద్దమ్మ ఏడ్చిన మాట నిజమే. ఆ మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రం కొత్త సిమెంటు పగుళ్ళివ్వకుండా నీళ్ళు పట్టింది కూడా ఆవిడే. బకెట్టు మోయడానికి కోడలు సాయం వచ్చింది, గొణుక్కుంటూనే.

బజారు చివర ఒక పార్కుంది. "ఇక్కడ పూలమడిలో కాసిని నీళ్ళు పోసుకోవచ్చా నాయనా?" అని పెద్దమ్మ తోటమాలిని అడిగింది. "నీళ్ళు అడిగేవాళ్ళే గానీ పోస్తామనేవాళ్ళు ఇన్నాళ్ళకి కనబడ్డారమ్మా, రోజూ రండి!" అన్నాడతను.

బంగారం కథ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఎవరైనా ఎదురుపడి అడిగితే రేడియో, "ఈ వారం ధర బాలేదు, అమ్మలేదు" అని కూడా చెబుతుంది. కానీ కథలో చెప్పినట్టు చెంబు పెద్దమ్మ కొంగుచాటున ఉండదు. ఆవిడ రెండు చేతులూ చక్రాల కుర్చీ తోయడానికే సరిపోతాయి. చెంబు రేడియో ఒళ్ళో ఉంటుంది. ర్యాంపు దిగేటప్పుడు ఆమె మూత మీద అరచెయ్యి గట్టిగా అదిమి పట్టుకుంటుంది.