బానెట్ మీద ఆయన చెయ్యి

అంబులెన్స్ వాళ్లు నడిపించుకుని వెళ్తుంటే మా ఆయన మధ్యలో ఆగిపోయాడు. ఊపిరి అందక, ఎదురుగా ఉన్న మా కారు బానెట్ మీద చెయ్యి ఆనించాడు. ముందురోజు ఇసుకగాలి వీచింది, కారు నిండా దుమ్ము. ఆ దుమ్ములో ఐదు వేళ్లూ అరచెయ్యీ అచ్చుపడ్డాయి.

"పొడిగుడ్డ పెట్టకే, గీతలు పడతాయి. నేనొచ్చి తుడుస్తాలే," అన్నాడు మాస్కులోంచి.

అంత ఆయాసంలో చెప్పాల్సిన మాటేనా అది! నాకు ఒళ్లు మండింది. బండి తలుపు మూశాక ఏడుపొచ్చింది.

కరోనా ముమ్మరంగా ఉన్న వేసవి అది. అబుదాబి పక్కన బనియాస్‌లో ఉండేవాళ్లం. నేను నర్సుని. పగలంతా కరోనా వార్డులో ఎవరెవరి భర్తలకో సేవ చేసేదాన్ని. నా భర్త వేరే ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉంటే చూడనివ్వలేదు. ఫోను చేస్తే "అలాగే ఉన్నారు సిస్టర్" అనేవాళ్లు. ఆ మాట నేనూ రోజూ ఎంతమందికో చెప్తున్నాను. దాని అర్థం నాకు తెలీదా?

ఆ పాత కారంటే ఆయనకి ప్రాణం. మొదట్లో బకెట్లతో కుమ్మరించి కడిగితే, నీళ్లు రోడ్డెక్కాయని బలదియా, అంటే మున్సిపాలిటీ, వాళ్లు మందలించారు. "గోదారి ఒడ్డున పుట్టినోణ్ణి, సీసాడు నీళ్లతో కారు కడుక్కోమంటారేంటే!" అని గొణిగాడు. తరవాత అందులోనే ఆరితేరాడు. స్ప్రే సీసాలో నీళ్లు, కాస్త కారు షాంపూ. జల్లి, దుమ్ము నానేదాకా ఆగి, మెత్తటి గుడ్డతో నొక్కకుండా ఎత్తెయ్యాలి. గుడ్డ మడత మాత్రం నేను నేర్పిందే, వార్డులో మేం తుడిచే పద్ధతి. మడతలు పెట్టి, ఒక్కో ముఖంతో ఒక్కసారే తుడవాలి. "కారుకీ ఇన్‌ఫెక్షన్ వస్తాదంటావా సిస్టరమ్మా?" అని ఏడిపించేవాడు. అదే పద్ధతిని మా బిల్డింగ్ వాచ్‌మన్ చాచాకి తనే కనిపెట్టినట్టు నేర్పాడు.

ఆ రోజుల్లో లోకమంతా కనబడిందల్లా తుడుస్తోంది. నేనైతే తలుపు గొళ్లెం నుంచి ఉప్పు ప్యాకెట్ దాకా వదల్లేదు. ఆ చేతి అచ్చు జోలికి మాత్రం వెళ్లలేదు. తనొచ్చి తుడుస్తానన్నాడు కదా. అది చెరిగిపోతే ఆయన రాడు, అంతే. మందులు తెలిసినదాన్నే, చదువుకున్నదాన్నే. అయినా అలాగే నమ్మాను.

వారం తిరక్కుండానే, కారు తుడవమని చాచా హెచ్చరించాడు. "సిస్టర్, గాడీ సాఫ్ కరో. బలదియా వాలా నోటీస్ లగాయేగా." దుమ్ము పట్టి వదిలేసినట్టు ఉన్న కార్లకి నోటీసు అంటిస్తారు, ఆనక ఎత్తుకుపోతారు. సరేనని, అచ్చు మీద అట్టపెట్టె బోర్లించి, చుట్టూ స్ప్రే జల్లి, మిగతా కారంతా తుడిచాను. తెల్లవారుజామున పడే చెమ్మకి కరిగిపోతుందేమోనని ఆ పెట్టె అలాగే ఉంచి, ఎగిరిపోకుండా పైన బియ్యం ప్యాకెట్ పెట్టాను. పొద్దున్నే పెట్టె ఎత్తి చూసి, చెరగలేదని తెలిశాకే డ్యూటీ బస్సెక్కేదాన్ని. ప్రభువా, ఈ పిచ్చిదాని మొహం చూసైనా ఆయన్ని పంపించు తండ్రీ అని బస్సులో ఏడ్చేదాన్ని. పక్క సీటు వాళ్లు అడిగితే తలనొప్పి అనేదాన్ని.

కారుకి మళ్లీ దుమ్ము పట్టింది. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి తళతళ మెరుస్తోంది. పెట్టె పక్కన ఉంది. బియ్యం ప్యాకెట్ చాచా చేతిలో ఉంది.

"బలదియా ఆయా థా సిస్టర్. మై బోలా, పాంచ్ మినట్ రుకో. పూరా సాఫ్ కర్ దియా. భాయ్ కా తరీకా, పానీ నహీ గిరాయా!" బలదియా వాళ్లొస్తే ఐదు నిమిషాలు ఆగమని, మా ఆయన పద్ధతిలోనే, నీళ్లు కారకుండా మొత్తం తుడిచేశాడట. ముసలాయన మొహం వెలిగిపోతోంది.

"ఎవరు తుడవమన్నారు నిన్ను? ఆయనొస్తానన్నాడు! ఆయనే తుడుస్తానన్నాడు!" అని తెలుగులోనే అరిచాను. చాచాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "క్యా గల్తీ హువా, బేటీ?" అంటూ, ఏం తప్పు జరిగిందో తెలీక నిలబడిపోయాడు. నేను ఆ మట్టిలోనే కూలబడిపోయాను. బానెట్ మీద నా మొహం తప్ప ఏమీ లేదు.

ఆ సాయంత్రం ఆసుపత్రికి ఫోను చెయ్యలేదు. ధైర్యం చాల్లేదు. వాళ్లే చేశారు. మోగుతుంటే తియ్యలేక, ఆఖర్న తీశాను. ట్యూబ్ తీసేశారట, తనంతట తనే ఊపిరి తీసుకుంటున్నాడట. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పారు. పరిగెత్తుకుంటూ కిందకి వెళ్లి చాచా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాను. అప్పుడూ ఆయనకి ఏమీ అర్థం కాలేదు, పాపం.

మా ఆయన సగం మనిషై ఇంటికొచ్చాడు. రాగానే కారు చుట్టూ తిరిగి చూశాడు. "చాచా తుడిచాడా? మడత మార్చాడంటావా?" అన్నాడు. ఛీ, మనిషివేనా నువ్వు అన్నాను.

కొన్నాళ్లకి మళ్లీ ఇసుకగాలి వచ్చింది. పొద్దున డ్యూటీకి దిగితే బానెట్ మీద చేతి అచ్చు ఉంది. ముందురోజు సాయంత్రం మా ఆయన చాచాతో కబుర్లు చెబుతూ ఆయాసమొచ్చి ఆనుకున్నాడట. అలవాటుగా అట్టపెట్టె కోసం అటూ ఇటూ చూశాను. ఇంతలో పైన బాల్కనీలోంచి కేక, "కాఫీపొడి ఎక్కడ పెట్టావే?"

"పై అరలో!" అని అరిచి, స్ప్రే జల్లి, దుమ్ము నానేదాకా ఆగి, ఆ చేతి అచ్చు నేనే తుడిచేశాను.