సారు పెట్టని సంతకం

మా టైపు సారు పోయారన్న కబురు నాకు కువైట్ నుంచి తెలిసింది. ఆయన ఇల్లు మా ఇంటికి మూడు వీధుల అవతల. శుక్రవారం పొద్దున ఆఫీసులో కూర్చుని ఏదో ఉత్తరం కొడుతుంటే, పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో కువైట్‌లో డ్రైవరుగా పనిచేసే ఒకతను "మన సారు ఇక లేరు" అని పెట్టాడు. సముద్రం అవతల ఉన్నవాడికి ముందు తెలిసి, ఇక్కడే ఉన్న నాకు తర్వాత తెలియడంలో వింతేమీ లేదు. మూడేళ్లకు పైగా నేను ఆ వీధిలో అడుగు పెట్టలేదు. కూరగాయలకు పోవాలన్నా చుట్టు తిరిగి పోయేదాన్ని.

సెలవు చీటీ రాసిచ్చి వెళ్లేసరికి జనాజా బయలుదేరుతోంది. ఆడవాళ్లం వెంట వెళ్లం కాబట్టి వీధి మలుపులోనే నిలబడిపోయాను. భుజాలు మార్చుకుంటూ మోస్తున్నవాళ్లలో సగం మంది ఆయన దగ్గర టైపు నేర్చుకున్నవాళ్లే. నన్ను చూసి ఒకరిద్దరు తల పక్కకు తిప్పుకున్నారు. వాళ్ల తప్పు లేదు.

సారు పుట్టింది ఆత్మకూరులో. పెళ్లయ్యాక భార్య సొంతూరని కడప జిల్లాలోని మా చిన్న ఊరికి వచ్చి, బట్టలు కుట్టే అంగడి మిద్దె మీద ఒక గది తీసుకుని ఎనిమిది టైపు మిషన్లతో ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. నాన్న పోయిన ఏడాది మా అన్న నన్ను ఆ మెట్లెక్కించి, "దీనికొక దారి చూపించండి సార్" అని అప్పజెప్పి వెళ్లాడు. అన్న స్కూలు వ్యాను నడిపేవాడు. పొద్దున పిల్లల్ని దించి వచ్చి, నేను దిగేదాకా కింద వ్యానులోనే నిద్రపోయేవాడు.

సారు గట్టిగా మాట్లాడడం నేను వినలేదు. తప్పు కొట్టి రబ్బరుతో రుద్దుతుంటే మాత్రం పక్కకు వచ్చి నిలబడేవారు. "రుద్దొద్దు పాపా. కాగితం మార్చి మళ్లా కొట్టు. రుద్దిన చోట పలచనయితాది" అనేవారు. ఏ కాగితమైనా ఆయన కిందినుంచి చదివేవారు. ముందు సంతకం, తర్వాత విషయం. ఎందుకని అడిగితే, "మాట ఎవురిదో తెలిస్తేనే గదా అది ఎంతవరకు నిలబడతాదో తెలిసేది" అన్నారు.

కంప్యూటర్లు వచ్చి టైపు మిషన్లు మూలబడ్డాక అదే గదిలో కూర్చుని పాస్‌పోర్టు, వీసా, పింఛను దరఖాస్తులు రాసిపెట్టడం మొదలుపెట్టారు. మా ఊరినుంచి కువైట్‌కు పోయిన డ్రైవర్లు, వంటవాళ్లు, అంగడి గుమాస్తాలు చాలామంది ఆయన నింపిన కాగితాలతోనే విమానం ఎక్కారు. ఇంకొక అలవాటు ఉండేది ఆయనకు. అధికారులతో ఫోన్లో మాట్లాడేటప్పుడు సొంత ఇంట్లో కూడా లేచి నిలబడేవారు. "మీరు లేచి నిలబడింది వాళ్లకేమన్నా కనపడతాదా?" అని భార్య నవ్వేది. "నాకు కనపడతాది గదా" అనేవారు.

నేను ఉద్యోగం పరీక్ష పాసై ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుగా చేరాను. ఈ రోజుకీ నేను తినే అన్నం ఆయన నేర్పిన విద్యతో వచ్చిందే. ఇది ఇప్పుడు రాయడం తేలిక. ఆయన ఉండగా ఒక్కసారి ఎదురుగా నిలబడి చెప్పి ఉండాల్సింది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు మా అన్నకు సోకింది. ఆసుపత్రిలో మంచాలు లేక వరండాలో చాప మీద పడుకోబెట్టారు. ఒక సిలిండరుకు ఇద్దరు. వయసులో నాకంటే చిన్నదైన డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "సిలిండర్ల లోడు ఎప్పుడొస్తుందో మాకే తెలీదక్కా. గాలిలోంచి ఆక్సిజన్ తీసే మిషన్ ఉంటుంది. అది దొరికితే మీ అన్న ఈ వారం గట్టెక్కుతాడు" అంది.

అప్పటికే కువైట్‌లో ఉన్న సారు శిష్యులు తలా కొంత వేసుకుని అలాంటి మిషన్లు పన్నెండు కొని, మా ఊరి ఆసుపత్రికని విమానంలో పంపారు. ఎవరి పేరు మీద పంపాలన్న చర్చే రాలేదట. సారు పేరు రాశారు. పొరుగు రాష్ట్రపు విమానాశ్రయంలో పెట్టెలు దిగాయని తెలిసిన రోజు నేను వరండాకు పరుగెత్తాను.

"అన్నా, మిషన్లు దిగినాయంట. ఎల్లుండికి వస్తాయి."

అన్న ముక్కు మీది గొట్టం సరిచేసుకుని, "నా వ్యాను ఖాళీగానే ఉండాది, పంపిద్దామా?" అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది.

పెట్టెలు గోదాములోనే ఆగిపోయాయి. రోగాల కాలంలో విదేశాలనుంచి ఉచితంగా వచ్చే సాయం మీద పన్ను లేదని ఉత్తర్వు వచ్చిన మాట నిజం. కానీ ఆ సరుకు ఉచితంగా వచ్చిందనీ, ఉచితంగానే పోతుందనీ రాష్ట్రం నియమించిన అధికారి ఒకరు సర్టిఫికెట్ ఇవ్వాలి. అది లేకుండా కస్టమ్స్ వాళ్లు వదలరు. సర్టిఫికెట్‌కు మనిషి దరఖాస్తు చేస్తే చెల్లదు, ఆసుపత్రి చేయాలి. సారు ఆసుపత్రి చేత రాయించి పంపారు. దానం చేసిన సంస్థ ఉత్తరం ఏదని అడిగారు. సంస్థ కాదు, డ్రైవర్లూ వంటవాళ్లూ అని చెబితే, అయితే వాళ్ల తరఫున సంతకం పెట్టే అధికారం ఎవరికుందో రాసివ్వమన్నారు. అది తెప్పించి పంపితే, ఆసుపత్రి ఉత్తరం మీద నంబరు ఉంది, తేదీ లేదని వెనక్కి వచ్చింది. ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క పూట. ఫోన్ మోగిన ప్రతిసారీ సారు లేచి నిలబడి, "అట్లనే సార్, పంపిస్తా సార్" అంటుంటే నేను గుమ్మంలో కూర్చుని చూసేదాన్ని.

మూడో రోజు, మంగళవారం, విమానాశ్రయంలో మా కాగితాలు చూసే ఏజెంటు ఫోన్ చేశాడు. సారు స్పీకరు పెట్టారు.

"సార్, ఒక దారి ఉంది. సొంత వాడకానికి ఒక మిషన్ తెప్పించుకునేవాళ్లకు ఈ సర్టిఫికెట్ అక్కర్లేదు. పన్నెండు పెట్టెలూ పన్నెండు మంది పేర్ల మీదికి మారుద్దాం. ఇంట్లో వాడకానికే అని మీరొక కాగితం సంతకం చేసి ఫోటో పంపండి. రేపు సాయంత్రానికి బయటికి తీస్తాను."

"ఆసుపత్రికని వచ్చినాయి గదప్పా అవి."

"ఆసుపత్రికే ఇచ్చుకోండి సార్, ఎవరు వద్దన్నారు? కాగితం మీద అలా రాద్దాం, అంతే."

సారు కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడిచారు. చాలాసేపు తుడిచారు. "నేను రాయలేనప్పా ఆ మాట" అన్నారు.

ఏజెంటు ఫోన్ పెట్టేశాక నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. "సార్, మా అన్న ఆడ వరండాలో ఉండాడు."

"తెలుసు పాపా."

"ఒక్క సంతకం గదా సార్."

"దొంగ కాగితమని కనుక్కున్యారంటే పన్నెండూ జప్తు చేస్తారు పాపా. వరండాలో మీ అన్న ఒగడే లేడు. అన్నీ సరిగ్గా ఉండాయి, రేప్పొద్దున సంతకం అయితాదని ఆ ఆఫీసోళ్లు చెప్పినారు. ఒక్క రోజు ఓర్చుకో."

ఆఫీసు వాళ్ల మాటను ఆయన నమ్మారు. పాతికేళ్లు దరఖాస్తులు రాసిన మనిషి, సరిగ్గా నింపిన కాగితానికి సరైన జవాబు వస్తుందని నమ్మకపోతే ఇక దేన్ని నమ్ముతాడు?

బుధవారం ఆ అధికారి సమీక్షలో ఉన్నారు. గురువారం ఆ ఆఫీసులో ఒకరికి కరోనా అని గది మూశారు. శుక్రవారం ఫోన్ ఎత్తలేదు. శనివారం మధ్యాహ్నం మా అన్న పోయాడు. వాడి పక్క చాప మీది మనిషి సిలిండరు గొట్టం చేత్తో పట్టుకుని, తను పెట్టుకోవాలా వద్దా అన్నట్టు నా ముఖం చూశాడు.

ఆసుపత్రి గేటు బయట సారు నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కాగితాల సంచి. "పాపా" అన్నారు. నేను ఆగలేదు.

సర్టిఫికెట్ ఆ తర్వాత వచ్చింది. పెట్టెలు దిగిన పదిహేడో రోజున మిషన్లు మా ఊరు చేరాయి. అప్పటికి వరండా కడిగేశారు. పెద్దలు వచ్చి పెట్టెల ముందు వరసగా నిలబడి ఫోటో దిగారు. సారును పిలిచారట, ఆయన వెళ్లలేదు. ఫోటోల తర్వాత పెట్టెలన్నీ స్టోరు గదిలోకి పోయాయి.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆరు నెలలకు సారుకు నోటీసు వచ్చింది. పన్ను లేకుండా తెచ్చిన మిషన్లను ఉచితంగా పంచినట్టు రుజువు చూపాలి, లేదంటే ఆ పన్ను మీరే కట్టాలి అని. ఆయన స్టోరుకు వెళ్లి చూస్తే పెట్టెలకు చుట్టిన ప్లాస్టిక్ కూడా విప్పలేదు. ఇంజినీరు వచ్చి బిగిస్తేగాని తియ్యకూడదన్నారు. "పంచినట్టు రాసుకోండి సార్, ఎవురొచ్చి చూస్తారు?" అన్నాడట స్టోరు గుమాస్తా. సారు రాయలేదు. ముందు పంచండి, తర్వాత రాస్తానన్నారు. అప్పటినుంచి అర్జీలు మొదలుపెట్టారు. ఆసుపత్రికి, పై ఆఫీసుకు, దాని పై ఆఫీసుకు. ఇదంతా ఊళ్లో వాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. విని ఊరుకున్నాను.

ఒకరోజు ఆ అర్జీ పట్టుకుని మా ఆఫీసుకే వచ్చారు. మా అధికారి సంతకంతో పైకి పోవాల్సిన కాగితం. మెట్లెక్కి వచ్చిన ఆయాసంతో నా బల్ల ముందు నిలబడ్డారు. చిక్కిపోయారు. మా అధికారి లోపల గదిలోనే ఉన్నారు. తలుపు సందులోంచి ఫ్యాను గాలికి కాగితాలు కదలడం నాకు కనపడుతూనే ఉంది.

"ఆఫీసరు లేరు. రేపు రండి" అన్నాను.

ఆయన ఆ తలుపు వైపు చూశారు. తర్వాత నన్ను చూశారు. "అట్లనే పాపా" అన్నారు.

వెళ్లిపోతారనుకున్నాను, వెళ్లలేదు. అర్జీ మడిచి జేబులో పెట్టుకుంటూ, నెమ్మదిగా అడిగారు. "ఆ పొద్దు నేను సంతకం పెట్టింటే మీ అన్న బతికింటాడా?"

నేను కంప్యూటరు వైపు తిరిగి కొట్టుకుంటూ పోయాను. ఏం కొట్టానో గుర్తులేదు. ఆయన కమ్మీ పట్టుకుని మెట్లు దిగి వెళ్లారు. నేను ఆయన్ను చూడడం అదే చివరిసారి.

అబద్ధం రాసిస్తే ఒక్క రోజులో కదిలే పెట్టె, నిజం రాస్తే పదిహేడు రోజులు కదల్లేదు. అలా ఏర్పాటు చేసింది సారు కాదు. ఆ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. కానీ ఆ ఏర్పాటుకు ఒక ముఖం లేదు, పోయి నిలదీయడానికి ఒక గుమ్మం లేదు. సారుకు రెండూ ఉన్నాయి. నా కోపానికి అందింది ఆయనే. ఆయన నా మనిషి కాబట్టే అందారు. ఆఫీసు నాకు చేసిందే నేను ఆయనకు చేశాను. అదీ ఆయన నేర్పిన విద్యతో వచ్చిన కుర్చీలో కూర్చుని.

జనాజా వెళ్లిపోయాక ఇంట్లోకి వెళ్లాను. సారు భార్య నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"సారు ఏమన్నా అన్యారామ్మా నన్ను?" అని అడిగాను.

"ఏమనలేదు. ఆ పాపను ఎవురూ ఏమీ అనొద్దు అన్యాడు, అంతే. నోటీసు సంగతి వదిలెయ్యండి, వయసు మీద పడింది, యాడన్నా పడిపోతారని నేనే పోరినా. ఇన్న్యాడా? తిరిగి తిరిగి అయిదు మిషన్లు బయటికి తీయించినాడు. పల్లెల్లో ఆసుపత్రులకు పంచినారంట. కడమవి ఇంకా ఆ గదిలోనే ఉండాయి."

ఆ అయిదింటిలో ఒకటి మంగంపేట వైపు ఒక చిన్న ఆసుపత్రికి పోయిందని ఆమే చెప్పింది. నాలుగు రోజుల తర్వాత సెలవు పెట్టి బస్సెక్కాను. దానికోసం మా అన్న వారం రోజులు ఎదురుచూశాడు, నేను ఒక మంచి మనిషిని మూడేళ్లు వెలివేశాను. అయినా అదెలా ఉంటుందో నేను కళ్లతో చూడనేలేదు.

నర్సు లోపలి గది చూపించింది. మోకాలెత్తు పెట్టె, కింద చక్రాలు, సన్నగా రొద చేస్తోంది. దాని పక్కన బెంచీ మీద ఒక పెద్దాయన. ముగ్గురాయి గనుల్లో చాలా ఏళ్లు పనిచేశాడట, వారానికి రెండుసార్లు వచ్చి గంటసేపు ఆక్సిజన్ పెట్టించుకుని పోతాడట. నన్ను చూసి ఎవరో ఆఫీసు మనిషి అనుకున్నట్టున్నాడు, లేవబోయాడు.

"ఈ మిషన్ ఎవరు పంపినారో తెలుసా పెద్దాయనా?" అని అడిగాను.

"గవర్నమెంటోళ్లు గదమ్మా. శానా మంచి మిషను." మాట స్పష్టంగా రావడానికి కాబోలు, మర్యాదకు కాబోలు, ముక్కుకున్న గొట్టం తీసి చేతిలో పట్టుకుని చెబుతున్నాడు. రెండు మాటలకే డొక్కలు ఎగిరిపడుతున్నాయి.

సారు గురించి చెప్పాలనే నేను అంతదూరం వెళ్లింది.

"పెట్టుకోప్పా" అన్నాను. "ముందు అది పెట్టుకో."

ఆయన సిగ్గుపడుతున్నట్టు నవ్వి, రాతిపొడి ఇంకిపోయిన వేళ్లతో గొట్టాన్ని మళ్లీ ముక్కుకు తగిలించుకుని కళ్లు మూసుకున్నాడు. చొక్కా గుండీల మధ్య ఛాతీ మెల్లగా పైకి లేచింది, దిగింది, మళ్లీ లేచింది.