యాడ ఆపుతావప్పా?

మా ఊరి ఆసుపత్రి నర్సమ్మ గుండెపోటుతో పోయిందని ఎమ్మిగనూరు నుంచి కబురు వచ్చేసరికి నేను కండెలు చుడుతున్నాను. మా ఆయన మగ్గం గుంతలోంచి లేవకుండానే "ఇంగ నన్ను అడిగేదెవరు?" అన్నాడు. నాకు ఏడుపుతో పాటు భయం కూడా వేసింది.

ఆయన రోజూ తాగే మనిషి కాదు. అదే మా ఇంటికి పట్టిన పీడ. వారమంతా బుద్ధిగా నేసి, సంత రోజు ఎమ్మిగనూరు పోయి ఒళ్ళు తెలియకుండా తాగేవాడు. మరునాడు చేతులు వణికి తెగిన పోగు అతకలేకపోయేవాడు. "వారానికొకతూరి తాగేవాణ్ణి తాగుబోతంటారా?" అని పైగా నన్నే దబాయించేవాడు.

ఒక సంతకు బండి మీంచి పడి మోకాలు చీల్చుకొచ్చాడు. నర్సమ్మ కట్టు కడుతూ తాగుడు సంగతి ఎత్తింది. "దినాం తాగను నర్సమ్మా" అని ఎప్పటి పాటే పాడాడు.

"దినాం సంగతి నేనడగలేదు. తాగిన దినం యాడ ఆపుతావప్పా?"

సందు దొరికింది కదా అని నేను పాత పురాణమంతా విప్పబోయాను. "నువ్వు రవ్వంత సేపు ఊరుకోమ్మా, ఆయప్పను సెప్పనీ" అంది. నాకు ఒళ్ళు మండింది. ఈమె నా తరపా, ఆయన తరపా? తిట్టలేదు, ఒట్టూ వేయించుకోలేదు. "నీకేం కావాలప్పా?" అని అడిగి, కట్టు ముగిసినా కదలకుండా కూర్చుంది.

"మరుసటి దినం మగ్గం మీద కూసోవాల" అన్నాడాయన నేల చూస్తూ.

"అట్లయితే ఈతూరి ఏం మారుస్తావో నువ్వే సెప్పు."

బండి ఇంట్లో పెట్టి, అన్నం తిని పోతానని, రెండో గ్లాసు దగ్గర లేస్తానని తనే చెప్పాడు. బయట రోగులు వరుసలో ఉన్నారు. ఆ మాటలకు పట్టింది కాసేపే.

ఆ తర్వాత ఆసుపత్రి ముందు కనబడితే చాలు, "యాడ ఆపినావప్పా?" అనేది. ఆపిన వారం నిలబడి చెప్పేవాడు. ఆపలేని వారం ఆ దారే తొక్కేవాడు కాదు, వెనక సందులోంచి చుట్టు తిరిగి నూలు తెచ్చుకునేవాడు. ఇక లాభం లేదని నేను పోయి ఏడిస్తే నర్సమ్మ నవ్వింది. "సందులో పోతాండాడంటే ఇంగా సిగ్గుందిమ్మా. తాగి నా ముందరే పోయిననాడు ఏడువు." రానురాను ఆ సందు దారి తగ్గింది. మా మగ్గం ఆడుతోందంటే ఆమె చలవే.

మొన్న మా ఆయన కూడా ఆమె పాడె మోశాడు. మట్టి చేశాక మోసినవాళ్ళు అలవాటుగా సీసాలు తెరిచారు. అదీ ఆమె చావుకు! పొద్దుగూకే వేళకు ఆయనను ఇద్దరు పట్టుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

ఈ పొద్దున నూలుకని బయల్దేరాడు. గడపలో నిలబడి చూశాను. ఆసుపత్రిలో ఆమె కుర్చీ ఖాళీ, ఆ సంగతి ఆయనకూ తెలుసు. మలుపు దాకా పోయి, ఆగి, తల వంచుకొని వెనక సందులోకి తిరిగాడు.