పెట్టెలో లేని నలభై ఐదు

పెట్టె పక్కన అచ్చేసిన అంకె ప్రకారం కారు మొత్తం డెబ్బై నాలుగు ముక్కలు. పెట్టెలో ఉన్నవి ఇరవై తొమ్మిది. పోయినవి నలభై ఐదు. పెట్టె మూత కూడా పోయింది గానీ, అది కారులో భాగం కాదు కాబట్టి లెక్కలో వేయలేదు. ఏ ముక్క ఎక్కడ అతికించాలో చూపించే కాగితం సగం చిరిగిపోయింది. పోయిన వాటిలో ఇరవై నాలుగింటి బొమ్మలు మిగిలిన సగంలో ఉన్నాయి. తక్కిన ఇరవై ఒక్కటి ఎలా ఉంటాయో చెప్పే ఆధారం ఏదీ లేదు.

అది ప్లాస్టిక్‌తో చేసిన అమెరికా కారు నమూనా. అతికిస్తే జానెడుకు కాస్త తక్కువ పొడవు వస్తుంది. తిరుపతి రైల్వే స్టేషను దగ్గర ఒక లాడ్జిలో మా మామ గుమాస్తాగా ఉండేవాడు. తెల్లాయన ఎవరో గది ఖాళీ చేసి పోతూ ఆ పెట్టెను మంచం కింద మరిచిపోయాడు. ఏడాది దాటినా ఎవరూ అడగకపోయేసరికి, మామ దాన్ని మా ఊరు నగరికి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఈలోపు లాడ్జి పిల్లలు దాంతో ఎన్నాళ్లు ఆడుకున్నారో తెలియదు. డెబ్బైల చివరి మాట ఇది. నాకు అప్పుడు ఇరవై ఏళ్లు.

ఆ వయసులో బొమ్మ కారుతో ఏం పని అని అడగవచ్చు. పని ఉంది. రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డు ఉండేది. ఇనుముతో చక్రమో పంపు మూతో పోత పోయాలంటే ముందు ఆ ఆకారాన్ని చెక్కతో చేయాలి. దాని ముద్రను ఇసుకలో తీసి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ చెక్క నమూనాలు చేసే షెడ్డు అది. వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచి చేసే పని. నాకు ఆ పని కావాలి. అడగడానికి వెళ్లాను.

"ఐటీఐ చదివినావా?" అన్నాడు మేస్త్రి.

"లేదు."

"పదో తరగతి?"

"ఎనిమిది."

"మరి ఏమొస్తుందప్పా నీకు?"

"లెక్క వస్తుంది."

"లెక్క వస్తే బ్యాంకుకు పో. ఈడ చెక్క చెక్కే పని."

పక్కన రంపం పట్టుకున్న మనిషి నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు. "కాయితం లేకపోతే వస్తువు సూపించు. నీ చేత్తో చేసింది ఏదన్నా తీసకరా. ఉగాది అయినాక ఒక మనిషిని తీసుకుంటా" అన్నాడు.

ఇంట్లో కూడా అదే గడువు పడింది. మా పెదనాయనకు నాలుగు మరమగ్గాల షెడ్డు ఉంది. "ఉగాది దాకా సూస్తానురా. ఆ మీద పెదనాయన దగ్గర రాత్రి షిఫ్టుకు పోతావు. అంతే" అన్నాడు నాయన. ఆ షెడ్డులో నా పని తెగిన దారం ముడి వేయడం. తెగితే ముడి, తెగితే ముడి. కొలిచేది ఏమీ లేదు.

అందుకే కారు ఎంచుకున్నాను. పెట్టె మీద ఒకటి బై ఇరవై ఐదు అని ఉంది. అసలు కారు దీనికి ఇరవై ఐదింతలు అన్నమాట. అంగుళంలో ఇరవై ఐదు మిల్లీమీటర్లు, పైన ఇంకొంచెం. ఆ కొంచెం వదిలేస్తే, అసలు కారులో అంగుళం ఈ కారులో ఒక మిల్లీమీటరు. ఎవరూ చెప్పకుండా ఈ సంగతి నాకు నేనే కనిపెట్టిన రోజున, ఇక ప్రపంచంలో ఏ బండినైనా జేబులో పెట్టుకోగలననిపించింది.

బొమ్మలున్న ఇరవై నాలుగూ కష్టపెట్టలేదు. టైర్లు నాలుగూ పెట్టెలోనే ఉన్నాయి, వెనకవి పెద్దవి, ముందువి చిన్నవి. లోపలి చక్రాలు లేవు. వెనక టైర్లకు కుట్టుమిషను బాబిన్లు పట్టాయి, చుట్టూ తూట్లతో సహా అచ్చం చక్రాల్లాగే. ముందు టైర్లకు కోటు గుండీలు అరగదీశాను. ఎక్స్‌రే ఫిల్మును బట్టల సోడా నీళ్లలో కడిగితే ముందు అద్దం వచ్చింది. టిచ్ బటన్లు లైట్లయ్యాయి.

కారు ముక్కుకు ఉండే జాలీ మాత్రం నా చేతికి లొంగలేదు. నాయన పన్నెలు కట్టేవాడు. పన్నె అంటే మగ్గంలో దారాలు దూరే దువ్వెనలాంటి చట్రం. సన్నటి ఉక్కు రేకులను సమాన దూరంలో నిలబెట్టి కట్టాలి. నేను మూడుసార్లు కట్టి మూడుసార్లు విప్పడం ఆయన ఓరగా చూస్తూనే ఉన్నాడు.

"ఎంత వెడల్పురా?"

"పద్దెనిమిది మిల్లీమీటర్లు నాయనా. అందులో ఇరవై ఒక్క పళ్లు."

"ఇదేం చీరరా, బొమ్మకు గూడా చాలదు" అన్నాడు. అంటూనే లాక్కున్నాడు. అన్నం చల్లారేలోపు కట్టి ఇచ్చాడు. దాన్ని కొలవాల్సిన అవసరం రాలేదు.

ఇక బొమ్మలు లేని ఇరవై ఒక్కటి. పుత్తూరులో ఒక రైస్ మిల్లు షెడ్డులో పాతకాలపు కారు ఉందని మామ చెప్పాడు. పోయి చూస్తే నా ప్లాస్టిక్ బాడీ, ఆ కారు బాడీ ఒకే పోలిక. అవే తలుపులు, అదే నడుము వంపు. టేపు తీసి కొలవడం మొదలుపెట్టాను. వాచ్‌మన్ బీడీ కాలుస్తూ వచ్చాడు.

"ఏమప్పా, కారుకు సొక్కా కుట్టిస్తావా?"

"దీనికి కాదన్నా, దీని బిడ్డకు."

"బిడ్డ యాడుండాది?"

"నగరిలో."

"అయితే తండ్రి ఎవురో ఆడే ఇచారించు" అని నవ్వుతూ పోయాడు.

ఆ కారుకు ఉండి నా కారుకు లేనివన్నీ వరసగా రాసుకున్నాను. మడ్‌గార్డులు నాలుగు. ఇంజను మీద బానెట్, పై రేకు ఒకటి, పక్క రేకులు రెండు. వెనక లైట్లు, హారను కొమ్ము, పక్క అద్దం, ఇంకా చిల్లర. బొమ్మలున్న ఇరవై నాలుగుతో కూడితే నలభై మూడు వచ్చింది. రెండు తక్కువ. బస్సెక్కి కూర్చున్నాక, కండక్టరు ఫుట్‌బోర్డు మీద ఎవరినో అదిలిస్తుంటే గుర్తొచ్చింది. ఆ పాత కారుకు తలుపుల కింద ఎక్కడానికి రెండు ఫుట్‌బోర్డులున్నాయి. నలభై ఐదు. కుదిరింది. లెక్క కుదిరితే నాకు ఆకలి కూడా వెయ్యదు.

మడ్‌గార్డులకు వేపచెక్కతో అచ్చు చేసి, పాలపొడి డబ్బా రేకును దాని మీద మెల్లగా కొట్టి వంపు తెచ్చాను. బానెట్‌కు గుండుసూదితో కీలు పెట్టాను, మూసినా తెరిచినా నిలిచేది. మడ్‌గార్డులు, బానెట్, ఫుట్‌బోర్డులు కలిపి తొమ్మిది రేకులకు బాడీలోగానీ కారు అడుగు చట్రంలోగానీ బిగించే తూట్లు లేవు. సూది కాల్చి ఒక్కోదానికి ఒకటి నేనే పెట్టుకున్నాను. చట్రం ముందుభాగంలో మాత్రం ఎందుకూ పనికిరాని సన్న తూట్లు కనిపించాయి. లెక్క పూర్తయ్యాక మిగిలిన తూట్లతో పనేముంది? లక్కతో పూడ్చి రంగు వేశాను.

ఉగాది అయిన మరుసటి వారం, కారును చీరల అట్టపెట్టెలో పెట్టుకుని రేణిగుంటకు వెళ్లాను.

మేస్త్రి దాన్ని బల్ల మీద పెట్టి వేలితో తోశాడు. నేరుగా పోయి అవతలి అంచు దగ్గర ఆగింది.

"ఈ చక్రాలు?"

"బాబిన్లు. ముందరివి గుండీలు."

"ఈ జాలీ?"

"మా నాయన కట్టినాడు."

"అయితే మీ నాయన్ని తీసకరావాల్సింది. ఆయన్ను పెట్టుకుందును" అన్నాడు. రంపం మనిషి మళ్లీ నవ్వాడు. మేస్త్రి మడ్‌గార్డు వంపు మీద బొటనవేలు రాశాడు. రెండోసారి రాశాడు. "అచ్చు మీద కొట్టినావా?"

"వేపచెక్క అచ్చు."

"ఊఁ" అన్నాడు. ఆ ఊఁతో పని నాదే అనుకున్నాను.

అప్పుడు బానెట్ ఎత్తాడు.

"ఇదేందప్పా?"

"చెక్కదిమ్మ. బానెట్ సొట్ట పడకుండా."

"ఇంజను ఏదీ?"

"మూత కింద కదా, కనపడదు. పెట్టెలో వచ్చిన ముక్క ఒకటే. దిమ్మ కింద ఉండాది."

"దిమ్మతో నడుస్తాదా నీ కారు?" అంటూ కారును బోర్లించాడు. కళ్లజోడు పైకి తోసి చట్రాన్ని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "ఈ పెద్ద తూట్లు పెట్టింది ఎవురు?"

"నేనే. ఆ రేకులకు తూట్లు లేకపోతే."

"మిగతా వాటికి?"

"ఉన్నాయి."

"కారు చేసినోడు సీటుకు పెట్టినాడు, లైటుకు పెట్టినాడు, మడ్‌గార్డుకు మాత్రం మర్సిపొయినాడంటావా?" గోటితో రంగు గీకాడు. లక్క పెళుసుగా ఊడి వచ్చింది. "వీటిని పూడ్సింది?"

"నేనే."

"ఎన్ని?"

అన్నీ లెక్కపెట్టే నేను పూడ్చిన తూట్లను లెక్కపెట్టలేదు. అక్కడే, ఆయన చేతిలోనే లెక్కపెట్టాను. తొమ్మిది.

"నువ్వు కొత్తగా పెట్టినవి?"

"తొమ్మిది."

"ఆ తొమ్మిది రేకులూ ఈ కారువి కాదప్పా. ఇంజను బయటికి కనపడేట్టు తిప్పుకొనే బండి ఇది. ఈ తూట్లలో నిలబడాల్సింది ఇంజను సామాను."

"ఇంజను బయట పెట్టుకొని ఎవురు తిరుగుతారు మేస్త్రీ?" అన్నాడు రంపం మనిషి.

"బాడీ కట్టని కొత్త లారీ చాసిస్‌ను తలకు తువ్వాల చుట్టుకొని తోలుకొస్తారే, సూడలేదా? వాళ్లకు అవసరం. ఈళ్లకు మోజు."

నేను ఊరుకోలేదు. "నా లెక్క సరిపోయింది మేస్త్రీ. నలభై అయిదుకు నలభై అయిదు."

"సరిపోతుంది. లేనివి తొమ్మిది రాసినావు, ఉన్నవి తొమ్మిది ఇడ్సిపెట్టినావు. సరిపోకుండా యాడికి పోతుంది?"

షెడ్డులో రంపం ఆగింది. పెదనాయన మగ్గాల చప్పుడు అప్పుడే నా చెవిలో మొదలైంది. మేస్త్రి చెప్పిన లెక్కను లోపల ఇంకోసారి వేసి చూశాను. తప్పు ఎక్కడా లేదు, నాదగ్గర తప్ప. బల్ల మీద ఉన్న సన్న ఉలి అడిగి తీసుకున్నాను. మడ్‌గార్డులు నాలుగూ ఊడదీశాను. తర్వాత ఫుట్‌బోర్డులు, బానెట్ రేకులు మూడు. చెక్కదిమ్మ తీసేశాను. లక్క మొత్తం గీకి తూట్లన్నీ తెరిచాను. కారు బోసిగా నిలబడింది, మధ్యలో ఇంజను ముక్క ఒక్కటే పెట్టుకుని.

"ఈ తొమ్మిదీ చేస్తాను" అన్నాను.

"ఎప్పుడు?"

"అవి ఎట్లుంటాయో తెలిసినాక."

"తెలీకపోతే?"

"చెయ్యను."

మేస్త్రి రేకులను ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూసి, పక్కకు పేర్చుకున్నాడు. "చెయ్యి మంచిదే. ఈ వంపు నా దగ్గర రెండేండ్లు చేసినోళ్లకు గూడా రాలేదు" అని రంపం మనిషి వైపు చూశాడు. ఈసారి అతను నవ్వలేదు. "సోమవారం రా. తొమ్మిది బాకీ, జ్ఞాపకం పెట్టుకో."

ఇంటికి వెళ్లి పని దొరికిందన్నాను. నాయన ముందు జాలీ గురించి అడిగాడు. మేస్త్రి అన్న మాట చెబితే, "నాకు జీతం ఎంతిస్తాడంట?" అన్నాడు.

ఆ షెడ్డులో పదకొండేళ్లు చేశాను. ఏటా ఆయుధపూజకు పనిముట్లతో పాటు కారును కూడా బల్ల మీద పెట్టేవాళ్లం. మేస్త్రి దానికి బొట్టు పెడుతూ, "తొమ్మిదిలో ఎన్నప్పా?" అనేవాడు. మొదటి నాలుగేళ్లు సున్నా అనే చెప్పాను. అయిదో ఏట తిరుపతిలో పాత కాగితాలు కొనే అంగట్లో, తూకానికి వచ్చిన విదేశీ పత్రికల కట్టలో ఒక ఫొటో దొరికింది. మడ్‌గార్డులు లేవు, బానెట్ లేదు, ఇంజను నిగనిగలాడుతూ బయటే ఉంది. మేస్త్రికి చూపిస్తే, "సూసినావా, మోజు" అన్నాడు, తానే ఆ కారు కొన్నంత సంబరంగా.

ఆ ఫొటోను భూతద్దం కింద పెట్టి కొలుచుకుంటూ ఏడు ముక్కలు చేశాను. గాలి జల్లెడ, దాని కింద పెట్రోలు కలిసే గిన్నె, ఫ్యాను, పొగ గొట్టాల వరసలు రెండు, నీళ్ల గొట్టం, వైర్లు పుట్టే బుడిపె. అన్నీ ఇత్తడితో. అన్నీ వాటి వాటి తూట్లలో బిగువుగా నిలబడ్డాయి.

ఫొటో కారు కుడిపక్క నుంచి, కాస్త ఎత్తులో తీసినది; ఎడమ గొట్టాల వరస పైఅంచు కనిపించింది గానీ, దాని కింద ఉన్నవి కనిపించలేదు. ఇంజనుకు ఎడమపక్కన, ఒకదానికొకటి ఆరు మిల్లీమీటర్ల దూరంలో, ఇంకా రెండు తూట్లున్నాయి. ఒకటి గుండ్రం, ఒకటి కోల. అక్కడ ఏముంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఏదో ఒక బుడిపె, ఏదో ఒక కడ్డీ పెట్టేస్తే చూసినవాళ్లెవరూ కాదనలేరు. నా బల్ల మీద ఇత్తడి ఉంది, ఆకురాయి ఉంది, చేయి కూడా ఇంకా వణకడం లేదు. బొమ్మ దొరికితే ఒక్క పూట పని. దొరకలేదు కాబట్టి పెట్టలేదు. చేసినవి ఏడు, బాకీ రెండు.